బుజ్జిగాడి గదికి నెల్లూరు గొర్రె

చిట్టితల్లీ,

ఈ ట్యూబులో చుట్టి పంపిన కాన్వాస్‌మీద నువ్వడిగిన గొర్రె బొమ్మ లేదు. తెరిచాక ఫోన్ చేసి "ఏంటి నాన్నా ఇది" అంటావని ముందే చెప్పేస్తున్నాను. నువ్వు బుజ్జిగాడి గదికి అడిగింది తెల్లగా, బొద్దుగా, ఒళ్ళంతా ఉన్నితో ఉన్న గొర్రె. వాట్సాప్‌లో పంపిన నమూనా కూడా చూశాను. నాలుగు పుల్లల కాళ్ళు, నల్ల మొహం, నవ్వుతున్న మూతి. అలాంటిదైతే ఒక్క పూటలో వేసిపెట్టేవాణ్ణి. మీ అమ్మా అదే అంది, "పిల్ల అడిగింది వేసివ్వక నీ పైత్యమంతా వాడి గోడమీద ఎందుకు" అని.

నేను పంపుతున్నది నెల్లూరు జాతి గొర్రె, జోడిపి రకం. ఆడది. ఉన్ని లేదు, పొట్టి వెంట్రుకలే. కాళ్ళు పొడుగు, మొహం పొడుగు, చెవులు కిందికి వేలాడుతుంటాయి. ఒళ్ళు తెలుపు, కళ్ళ చుట్టూ, పెదాల దగ్గర, దవడ కింద నలుపు. కుడి చెవి కొస చిరిగి ఉంటుంది. కాన్వాస్ చిరిగిందేమోనని కంగారుపడకు, చెవే అంత.

బుజ్జిగాడు దీన్ని చూడగానే మేక అంటాడు. వాడు అనకపోయినా ఇంటికొచ్చిన అల్లుడుగారి స్నేహితులు అంటారు. ఇంగ్లండులో మీ లీడ్స్ చుట్టుపక్కల కొండలమీద కనిపించేవి ఉన్ని గొర్రెలు కదా, వాటిని చూసిన కళ్ళకు ఇది గొర్రెలా ఆనదు. తోక చూడమని వాడికి నేర్పు. మేక తోక పైకి లేచి ఉంటుంది, గొర్రె తోక కిందికి వేలాడుతుంది. గొర్రె తోక బెత్తెడు అంటారు మనవాళ్ళు. దీనిది కొలిచాను, బెత్తెడు కూడా రాలేదు. ఆ కాస్త తోకా కనబడాలనే ఎడమ పక్కనుంచి, తల మాత్రం ఇటు తిప్పినట్టుగా నిలబెట్టాను. నిలబెట్టానంటే నేను చెప్పినట్టు అది విన్నదని కాదు. అది అలా నిలబడ్డప్పుడల్లా కాస్త కాస్త గీసుకున్నాను.

జనం ఎరగని జంతువును గీస్తే ఈ తిప్పలు పాతవే. 1621లో జహంగీరు దగ్గరికి జీబ్రాను తెచ్చినప్పుడు, గుర్రానికి ఎవరో చారలు పూశారేమోనని పరీక్షించి మరీ చూశారట. ఆయన ఆస్థాన చిత్రకారుడు ఉస్తాద్ మన్సూర్ దాని బొమ్మ వేశాడు. ఇప్పుడది లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం వాళ్ళ దగ్గర ఉంది. అందులో చెట్టూ లేదు, కొండా లేదు, వేటా లేదు. జీబ్రా ఒక్కటే, పక్కకు తిరిగి నిలబడి ఉంటుంది. నేనూ ఈసారి వెనకాల ఏమీ పెట్టలేదు. నేల రంగు, గోడ రంగు, అంతే. వెనక ఏదైనా ఉంటే ముందు దాన్ని చూస్తారు. మన జనం సంగతి నాకు తెలుసు.

ఇక్కడ నా పని ఎలా నడుస్తోందో నీకు తెలియంది కాదు. బెంగళూరు మెజెస్టిక్‌లో సినిమా థియేటర్లకు బ్యానర్లు వేసిన చెయ్యి ఇది. అరచేయంత స్టిల్ ఫోటోమీద గళ్ళు గీసుకుని, గోడంత గుడ్డమీద అన్నే గళ్ళు కొట్టుకుని, ఈ గడిలో ఉన్నది ఆ గడిలోకి ఎక్కించడమే. హీరో బుగ్గకు గులాబీ, గడ్డం కింద ఆకుపచ్చ, కంటి పక్క నీలం. దగ్గర్నుంచి చూస్తే రోగం వచ్చిన మనిషి, రోడ్డు అవతల్నించి చూస్తే హీరో. ఫ్లెక్స్ వచ్చి ఆ పని పోయింది. 2018లో హైకోర్టు గట్టిగా చెప్తే ఊళ్ళో ఆ ఫ్లెక్సులు కూడా పీకేశారుగానీ, అప్పటికే మా కుంచెలు ఎండిపోయి చాలా కాలమైంది.

ఇప్పుడు అన్నం పెడుతున్నది అపార్ట్‌మెంట్ల కుక్కలు. ఫోటో పంపిస్తారు, "అంకుల్, కొంచెం నవ్వుతున్నట్టు వెయ్యండి" అంటారు. వేస్తాను. కుక్క కంట్లో సరైన చోట ఒక తెల్ల చుక్క పెడితే చాలు, యజమానికి కళ్ళు చెమరుస్తాయి. జనవరిలో చిత్రసంతె, అదే బొమ్మల సంత రోజున కుమారకృప రోడ్డుమీద కూర్చుంటే, ఆగినవాళ్ళలో సగం మంది ఏడు గుర్రాలు ఉన్నాయా అనే అడుగుతారు. ఏ దిక్కు గోడకు పెట్టుకోవాలో కూడా వాళ్ళే చెప్తారు. గొర్రె బొమ్మ అడిగిన మనిషి ఇన్నాళ్ళలో నువ్వొక్కదానివే. గుళ్ళలో మాత్రం? అగ్నిదేవుడు ఎక్కేది పొట్టేలును. వీరభద్రుడి పక్కన దణ్ణం పెట్టి నిలబడ్డ దక్షుడికి పొట్టేలు తలో మేకపోతు తలో పెడతారు. ఆడగొర్రెను గీసినవాడూ లేడు, చెక్కినవాడూ లేడు. ఉంటే నా కంటబడలేదు.

అందుకని నువ్వు అడగ్గానే నిజం గొర్రెను వెతుక్కుంటూ పోయాను. ఇంట్లో కూర్చుని వేస్తే నువ్వు పంపిన నమూనానే మళ్ళీ వేసేవాణ్ణి. కె.ఆర్. పురం దాటి, హొసకోట దాటి, అక్కణ్ణుంచి లోపలికి. ఆదివారం తెల్లారకముందే ఆ దారిలో బిర్యానీ కోసం కార్లు బారులు తీరి ఉంటాయి. బెంగళూరు నలుమూలల నుంచీ వస్తారు. వాటిని దాటుకుని నేను గొర్రెను గీయడానికి పోతున్నాను. ఆ వాసనకు నోరూరలేదని అబద్ధం చెప్పను.

అక్కడ ఒకామె దగ్గర పదకొండు గొర్రెలున్నాయి. నేను అక్కా అంటాను, ఆమె నన్ను "బొమ్మలాయప్పా" అంటుంది. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, మధ్యమధ్య కన్నడం దొర్లుతుంది. వాళ్ళ మామగారి కాలంలో పెద్ద మందే ఉండేదట. ఊరి ఉమ్మడి మేతబీడు, గోమాళం అంటారు ఇక్కడ, దాని నిండా మేసేవట. ఇప్పుడు ఆ చుట్టుపక్కల అంతా లేఔట్లు. అమ్ముడుపోయి ఇళ్ళు కట్టని సైట్లలో గడ్డి మొలుస్తుంది కదా, అక్క గొర్రెలు మేసేది అదే. ఏ సైటులో గడ్డి ఏపుగా ఉందో, ఏ యజమాని వస్తే అరుస్తాడో, ఏ కంచె కింద సందు ఉందో ఆమెకు తెలుసు. ఆమెకంటే బాగా లాయరమ్మకు తెలుసు.

లాయరమ్మ అంటే ఈ బొమ్మలో ఉన్నది. ఆ పేరు అక్క కోడలు పెట్టింది. దొడ్డి తలుపు వేస్తే అరుస్తుంది, తీస్తే అరుస్తుంది, నీళ్ళు ఆలస్యమైతే అరుస్తుంది. అవతలివాళ్ళు ఎన్ని మాటలన్నా చివరి మాట తనదే కావాలి. కోడలు ఊరుకుంటే గానీ అది ఊరుకోదు. గొర్రెలు ఒకదాని వెనక ఒకటి పోతాయంటారు కదా, మరి మొదటిది దేని వెనక పోతుంది? ఈ మందలో ఆ మొదటిది లాయరమ్మే. ఏ సైటులోకి దూరాలో అది గుమ్మం దగ్గర కాసేపు నిలబడి తేలుస్తుంది. అక్క కర్రతో ఒక దారి చూపిస్తే, అది ఇంకో దారి చూసి, మిగతా పదింటినీ అటే తీసుకుపోతుంది. అక్క కాసేపు తిట్టి వెనకే నడుస్తుంది. ఎక్కువసార్లు గొర్రె లెక్కే సరైనదని ఆమె ఒప్పుకుంది, కోడలు దగ్గర లేనప్పుడు.

దీన్ని సరిహద్దు అవతల సంతలో పిల్లగా కొన్నారట. మిగతావాటిలో కొన్ని బన్నూరువి. మండ్య వైపు జాతి అది, పొట్టి కాళ్ళు, గట్టి ఒళ్ళు, మాంసానికి పేరు. వాటి పక్కన లాయరమ్మ ఇంకా పొడుగ్గా కనబడుతుంది. మన దేశంలో గొర్రెల జాతులన్నిటిలోకీ పొడుగైనవి నెల్లూరువే. ఉన్ని కావాలంటే దక్కనీ గొర్రె కావాలి, నల్లటి ముతక ఉన్ని, కంబళ్ళు నేసేది దానితో. మన ఆత్మకూరు వైపు ఎండకు ఉన్ని ఏం చేసుకుంటాయి? మీ ముత్తాత గొర్రెలన్నీ ఇలాంటివే. పల్ల, దొర, జోడిపి అని రంగును బట్టి పిలిచేవాడు. పల్ల తెల్లది, దొర ఎర్రది, కంటి చుట్టూ నలుపుంటే జోడిపి. నువ్వు ఆ దొడ్డిని చూడలేదు. నువ్వు పుట్టేసరికే అమ్మేశారు.

మొదటి రోజుల్లో దీన్ని గీయడం ఎందుకు కుదరలేదంటే, అది నా చెయ్యి వదిలేది కాదు. గొర్రెలకు ఉప్పంటే ప్రాణం. అంత దూరం పోయి చెమట పట్టిన చెయ్యి దానికి దొరికిన ఉప్పురాయి. గరుకు నాలుక. ఒక చేత్తో గీస్తుంటే రెండో చెయ్యి నాకుతూ నిలబడేది. అంత దగ్గరగా ఉంటే ముక్కు తప్ప ఏమి కనబడుతుంది? అందుకని ముక్కుతోనే మొదలుపెట్టాను. పై పెదవి మధ్యలో చీలి ఉంటుంది, అందుకే నేలకు ఆనించి మరీ మేయగలదు. పై దవడకు ముందు పళ్ళుండవు, గట్టి చిగురు మాత్రమే. నమిలేటప్పుడు కింది దవడ పక్కలకు జరుగుతుంది, పైకీ కిందికీ కాదు. ఇవన్నీ చిన్నప్పుడు మన దొడ్లోనే చూసుంటాను. గీయాల్సి వచ్చినప్పుడు చూడటం వేరు.

తర్వాత తర్వాత అనపకాయ తొక్కలు పట్టుకుపోవడం మొదలెట్టాను. సంక్రాంతి ముందూ వెనకా మీ అమ్మ అనపగింజలు పిదికి పితికిపప్పు చెయ్యని వారం ఉంటుందా? ఆ తొక్కలన్నీ సంచిలో పోసుకుని పోయి, దూరంగా ఒక రాతిమీద పెట్టేవాణ్ణి. సంచి నాకు కొంచెం పక్కన, అది నాకు ఎదురుగా. అలా దొరికింది ఈ తల తిప్పిన భంగిమ.

ఫోటో తీసుకుని ఇంట్లో వేసుకోవచ్చుగా అని నువ్వు అడుగుతావు. తీశాను, చాలా తీశాను. చెవి మడత ఎటు, గిట్ట ఎలా ఉంటుంది అని చూసుకోవడానికి పనికొచ్చాయి. కానీ ఫోటోలో ఉన్నది రెప్పపాటు. లాయరమ్మ మొహంలో ఉన్నది రెప్పపాటులో జరిగేది కాదు. ముందు ఒక చెవి తిరుగుతుంది, తర్వాత మెడ, అప్పుడు నమలడం ఆగుతుంది, ఆ తర్వాత నిన్ను తేరిపార చూసి, నువ్వు పనికొచ్చేవాడివో కాదో తేల్చుకుని మళ్ళీ నమలడం మొదలవుతుంది. ఆ నమలడం ఆగిన క్షణానికీ మొదలైన క్షణానికీ మధ్యన ఉన్నదాన్ని నేను పట్టుకోవాలనుకున్నాను. గళ్ళు గీసి ఎక్కించే పని కాదది.

మీ యార్క్‌షైర్ మనిషే హెన్రీ మూర్ ఉన్నాడు కదా, 1898లో కాజిల్‌ఫోర్డ్‌లో పుట్టినాయన, మీ లీడ్స్‌లోనే బొమ్మల చదువు చదివాడు. ఆయన శిల్పాలున్న పార్కులో గొర్రెలు మేస్తున్నాయని, బుజ్జిగాడు శిల్పాలను వదిలేసి గొర్రెల వెంట పడ్డాడని నువ్వు వీడియో పంపావు. ఆ మూర్ 1972లో తన స్టూడియో కిటికీలోంచి చూస్తూ నోటుబుక్ నిండా గొర్రెల్ని గీశాడు. మామూలు బాల్‌పాయింట్ పెన్నుతో. మొదట అవి ఆయనకు కాళ్ళూ తలా తగిలించిన ఉన్ని ముద్దల్లాగే కనబడ్డాయట. చూడగా చూడగా ఆ ఉన్ని కింద ఒక ఒళ్ళుందని, దాని నడక దానిదని, ఒక్కో గొర్రెది ఒక్కో తత్వమని అర్థమైందట. కిటికీ అద్దాన్ని తడితే అవి ఆగి ఆయనవైపు చూసేవట. ఆయనకు అద్దం, నాకు అనపకాయ తొక్కలు. ఆ ఉన్ని కింద ఏముందో కనుక్కోవడానికి ఆయన అంత కష్టపడ్డాడు, మన గొర్రెకు ఆ దుప్పటే లేదు. ఎముక, కండ, డొక్క, అన్నీ ఎదురుగా ఉంటాయి. నా వయసులో ఇది పెద్ద సదుపాయం.

అన్నీ ఒకేలా ఉంటాయి అని మనం అనేస్తాంగానీ, అవి మనల్నీ ఒకదాన్నొకటీ బాగానే గుర్తుపడతాయి. 2001లో ఇంగ్లండులో పరిశోధకులు గొర్రెలకు వేరే గొర్రెల మొహాల ఫోటోలు చూపించి పరీక్షిస్తే, 50 మొహాలను రెండేళ్ళు దాటినా గుర్తుపెట్టుకున్నాయట. 2017లో కేంబ్రిడ్జిలో ఒబామా ఫోటోను కూడా గుర్తుపట్టేలా నేర్పారు. మన అపార్ట్‌మెంట్ సెక్యూరిటీ నన్ను ఇప్పటికీ ఏ ఫ్లాట్ సార్ అని అడుగుతాడు.

రంగుల సంగతి కొంచెం చెప్తాను, నీకు విసుగైతే ఈ పేరా వదిలెయ్. తెల్ల గొర్రెకు తెల్లరంగు పట్టేది చాలా కొంచెం. పొద్దుటి ఎండ పడ్డ వీపుమీద తెలుపులో యెల్లో ఓకర్ చుక్క కలిపాను. నీడ పడ్డ వైపు అల్ట్రామెరీన్ నీలం, బర్ంట్ సియన్నా కలిపిన బూడిద రంగు. పొట్ట కింద మాత్రం ఎరుపు. అక్కడి నేల ఎర్రమట్టి కదా, ఎండ దానిమీద పడి లేచి పొట్ట కింద తగులుతుంది. మీ అమ్మ చూసి "కడుపు కింద దెబ్బ తగిలిందా" అంది. రెండడుగులు వెనక్కి జరిగి చూడమన్నాను. అప్పుడు ఏమీ అనలేదు. బ్యానర్లు వేసిన రోజులనుంచీ నాకు వచ్చిన ఒకే ఒక్క విద్య ఇది, దగ్గర్నుంచి తప్పుగా కనబడి దూరాన్నించి సరిపోవడం. శుద్ధ తెలుపు ఈ బొమ్మ మొత్తంలో ఒక్క చోటే వాడాను, చిరిగిన చెవి అంచుమీద. ఎండ అక్కడ చొచ్చుకుని వస్తుంది.

ఆ చెవికి పశువుల ఆసుపత్రి వాళ్ళు టీకా వేసినప్పుడు పసుపు ట్యాగ్ వేశారట. కంచెకు తగులుకుని ఊడింది, చెవి చిరిగింది. చెవి బాగున్నట్టు వెయ్యమని కోడలు అంది, పెళ్ళి ఫోటోల్లో మచ్చలు తీసేస్తారు కదా, అలా. అక్క ఒప్పుకోలేదు. "అది లేకుంటే దీన్ని నేనెట్లా కనుక్కునేది" అంది. మెడ కింద రెండు చిన్న తిత్తులు వేలాడుతుంటాయి, అవి కూడా ఉంచాను. మేకమెడ చన్నులంటే ఎందుకూ కొరగానివని సామెతలో తీసిపారేశారుగానీ, మొహానికీ ఒంటికీ మధ్య కంటిని కాసేపు ఆపడానికి నాకు బాగా పనికొచ్చాయి.

కళ్ళ దగ్గర చాలా రోజులు ఆగిపోయాను. కుక్క కన్ను మనిషి కంటికి దగ్గర. గొర్రె కంటిపాప అడ్డంగా, పొడుగ్గా ఉంటుంది. తల వంచి మేసేటప్పుడు కూడా అది నేలకు అడ్డంగానే ఉంటుంది, తల వంగినంతా కన్ను గుంటలో వెనక్కి తిరుగుతుంది. 2015లో బర్క్లీ శాస్త్రవేత్తలు కొలిచి, 50 డిగ్రీలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కూడా తిరుగుతుందన్నారు. మేస్తూనే చుట్టూ నేలనంతా కనిపెట్టి ఉండటానికి ఆ ఏర్పాటు. పైగా జోడిపికి కంటి చుట్టూ నలుపు, కన్ను తేనె రంగు. కుక్కకు పెట్టే తెల్ల చుక్క పెట్టి చూస్తే లాయరమ్మ నన్ను చూసి జాలిపడుతున్నట్టు అయింది. అది ఎవరిమీదా జాలిపడే రకం కాదు. తుడిచేశాను. ఇప్పుడు కంట్లో మెరుపు లేదు, పై రెప్ప నీడలో ఆకాశం రంగు సన్నగా ఉంది. వెంటనే కనబడదు.

బొమ్మ చూసినవాళ్ళందరూ అది ఎటు చూస్తోంది అని అడుగుతున్నారు. నువ్వూ అడుగుతావు. తొక్కల సంచీని చూస్తోంది. నాకు ఇంకో చూపు కూడా దొరికింది, అదీ చెప్తాను. ఉగాది మర్నాడు ఇక్కడ హొసతొడకు కదా, ఊరంతా మాంసం వండుకునే రోజు. మటన్ అంగళ్ళ ముందు చీకటితోనే క్యూలు. దానికి ముందే అక్క పొట్టేళ్ళను అమ్మేసింది. అందులో ఒకటి లాయరమ్మ కొడుకు. టాటా ఏస్‌లో ఎక్కించి తీసుకుపోయారు. రెండు రోజులు అది రోడ్డువైపు తిరిగి అరిచిందట, మేత సరిగా తినలేదట. నేను పోయేసరికి ఇంకా కాస్త అరుస్తోంది. స్కెచ్ పుస్తకంలో నాలుగు గీతలు గీసుకున్నాను, అంతే. ఆ చూపును కాన్వాస్‌మీదికి ఎక్కించి "తల్లి" అనో "ఎదురుచూపు" అనో పేరు పెడితే చిత్రసంతెలో పొద్దున పదింటికల్లా అమ్ముడుపోయేది. కొన్నవాళ్ళు ఇంటికి పోయి బిర్యానీ తినేవాళ్ళు. నేనూ తింటాను, నాకేం పట్టింపు లేదు. అక్కకు ఆ డబ్బుతో మనవరాలి కాలేజీ ఫీజు కట్టాలి. అది వేరే సంగతి. లాయరమ్మ బతుకులో ఎక్కువ రోజులు అది సంచీనే చూసింది, రోడ్డును కాదు. ఎక్కువ రోజులు ఉన్నట్టుగానే దాన్ని వేశాను.

బొమ్మ పూర్తయ్యాక ఆటోలో పెట్టుకుని అక్కకు చూపించడానికి తీసుకుపోయాను. కోడలు, పక్కింటివాళ్ళు, పిల్లలు అందరూ మూగి అచ్చం లాయరమ్మే అన్నారు. అక్క ఏమీ అనలేదు. కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుని దగ్గరికి వచ్చి, మొహం చూడలేదు, చెవి చూడలేదు, తిన్నగా పొట్ట చూసింది.

"పొద్దున పూట గీసినావా దీన్ని?"

అవునన్నాను.

"ఎడమ డొక్క చూడు, లోపలికి పోయి ఉంది. చూసినోళ్ళు నేను మేత వెయ్యలేదనుకోరా? పరాయి దేశం పోయే బొమ్మంటివి."

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. గొర్రె మొదటి పొట్ట ఎడమ పక్కనే ఉంటుంది. రాత్రంతా నెమరేసి పొద్దుటికి ఆ డొక్క గుంటపడుతుంది, సాయంత్రం మేసి వచ్చేసరికి నిండి పైకి వస్తుంది. మందను కాసేవాళ్ళు దూరాన్నించే ఆ డొక్క చూసి ఏది మేసిందో ఏది మేయలేదో చెప్తారు. గుంట ఉంటే నీడ ఉంటుంది, నీడ ఉంటే నాకు గీయడానికి ముచ్చట. ఆ నీడ మీద నాకు చాలా గర్వంగా ఉండేది కూడా. కానీ గొర్రె ఆమెది, పరువు ఆమెది. ఒక సాయంత్రం మళ్ళీ పోయి, మేసి వచ్చిన లాయరమ్మను పక్కన పెట్టుకుని డొక్క నింపాను. కాబట్టి నీ దగ్గరికి వస్తున్నది పొద్దుటి ఎండలో సాయంత్రపు కడుపుతో ఉన్న గొర్రె. ఆ తేడా కనిపెట్టగలిగిన మనిషి ఆమె ఒక్కతే, ఆమె తృప్తిపడింది.

నువ్వు పంపిన డబ్బులో కొంత అక్కకు ఇవ్వబోతే తీసుకోలేదు. గొర్రెను చూసినందుకు డబ్బులేంటి అంది. నట్టల మందు సీసాలు కొనిచ్చాను, అవి తీసుకుంది. బొమ్మను ఫోటో తీసి లామినేషన్ చేయించి ఇచ్చాను. దొడ్డి తలుపు పక్కన కొట్టుకున్నారు.

ఇక పనిలో మాటలు. కాన్వాస్‌ను రంగు బయటికి ఉండేటట్టు చుట్టాను, అలాగే చుట్టాలి, లోపలికి చుడితే పగుళ్ళు వస్తాయి. మధ్యలో ఉన్న పల్చటి కాగితాన్ని మెల్లగా తియ్యి, ఎక్కడైనా అంటుకుంటే లాగకు, నాకు వీడియో కాల్ చెయ్యి. నేల రంగులోని అంబర్ తొందరగా ఆరిపోతుంది, తెలుపు ఆరడానికి చాలా టైం తీసుకుంటుంది. అందుకే వీపు భాగాన్ని వేలితో ముట్టుకుని చూడొద్దు, బుజ్జిగాణ్ణి అసలు ముట్టుకోనివ్వొద్దు. నాలుగు వైపులా రెండేసి అంగుళాలు ఖాళీ వదిలాను, ఫ్రేమ్ అంగట్లో చెక్క చట్రానికి బిగించి ఇమ్మను. అద్దం పెట్టొద్దు. మీ ఇంట్లో వేడి పైపులున్న గోడ వద్దు, ఎండ తిన్నగా పడే గోడ వద్దు. మరీ పైకి పెట్టకు, వాడు తల ఎత్తకుండా చూడగలిగినంత ఎత్తులో చాలు. వార్నిష్ ఇప్పుడు వెయ్యకూడదు, ఆరు నెలలైనా ఆగాలి. నువ్వు వచ్చినప్పుడు సీసా ఇస్తాను, ఎలా పూయాలో చూపిస్తాను.

వస్తే డిసెంబరు ఆఖర్లో రండి. అనపకాయల కాలం, మీ అమ్మ ఇప్పట్నుంచే లెక్కలేసుకుంటోంది. వాణ్ణి హొసకోట తీసుకుపోతాను. లాయరమ్మ అప్పటికి ఉండాలి. ముందు పళ్ళు అరగడం మొదలైందని అక్క అంటోంది. పళ్ళు పోయిన గొర్రె మేయలేదు, మేయలేని గొర్రెను ఎవరూ ఎక్కువ కాలం ఉంచుకోరు. అది లేకపోతే మిగతావాటిని గేటు దాటించేవాళ్ళు లేరు కాబట్టి ఇంకో రెండేళ్ళు పర్లేదని కోడలు అంటోంది. తిట్టుకుంటూనే అంటోంది. ఈసారి ఈనితే ఆడపిల్ల కావాలని ఇద్దరూ కోరుకుంటున్నారు.

టికెట్లు ముందే చూసుకోండి, క్రిస్మస్ సెలవులకు రేట్లు పెరిగిపోతాయి. అల్లుడుగారిని అడిగానని చెప్పు.

మీ నాన్న